తరవాణి కుండ, పెద్దమ్మ చెప్పు

చిన్నప్పుడు బి విటమిన్లో బి అంటే బియ్యం అనుకునేవాణ్ణి. దంపుడు బియ్యపు పైపొరలో ఆ విటమిన్ ఉంటుందని బడి పుస్తకం చెప్పింది, మిగతాది నేను కల్పించుకున్నాను. పెద్ద చదువుల్లో ఆ అపోహ పోయింది కానీ బియ్యం మాత్రం నన్ను వదల్లేదు. గుంటూరులో ఒక కాలేజీలో జీవరసాయన శాస్త్రం చెబుతూ, పాఠాలు లేని వేళల్లో పులిసిన అన్నపు నీళ్ళలో ఏ బి విటమిన్ ఎంత ఉందో కొలుస్తుంటాను. పెళ్ళి భోజనాల దగ్గర ఎవరైనా మీ పరిశోధన దేని మీదండీ అని అడిగితే ఈ సంగతి చెబుతాను. వాళ్ళు కాసేపు తల ఊపి, అవతలి పక్క కూర్చున్నవారితో మాట్లాడటం మొదలుపెడతారు. నా ఉద్యోగం పులిసిపోయిందని మా ఆవిడ అంటుంది. శాస్త్రపరంగా ఆ మాటలో తప్పు పట్టలేను.

నేను కొలిచే నీళ్ళకు మా వైపు తరవాణి అని పేరు. వంచిన గంజి, మంచినీళ్ళు ఒక మట్టికుండలో పోస్తూ ఉంటారు. రాత్రి మిగిలిన అన్నం అందులో వేస్తే పొద్దుటికి పుల్లబడుతుంది. ఎండాకాలం ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకుని అది తిని చేలోకి వెళ్తే మధ్యాహ్నం దాకా దాహం వేయదు. కుండకు ఒకటే నియమం. ఎప్పుడూ పూర్తిగా వంపకూడదు, అడుగున కాసిన్ని పాతనీళ్ళు ఉండాలి. పాలకు తోడు ఎలాగో కుండకు ఆ నీళ్ళు అలాగ. ఆ అడుగున బతికే కంటికి కనపడని జనాభాయే నాకు జీతం ఇప్పిస్తోంది.

పర్చూరు దగ్గర పల్లెలో మా పెద్దమ్మ ఉంటుంది, అమ్మకు అక్క. పెదనాన్న పోయాక మిరప చేను తనే చూసుకుంటోంది. ఆవిడ ఇంట్లో తరవాణి కుండ ఆవిడ కాపురానికి వచ్చిన నాటిదని చెబుతారు. మధ్యలో కుండలు పగిలాయి గానీ నీళ్ళు మాత్రం అవే, ఒక కుండలోంచి ఇంకో కుండలోకి మారుతూ వచ్చాయి.

పోయిన ఎండాకాలం నేను వెళ్ళేసరికి పెద్దమ్మ కళ్ళంలో ఉంది. నేలంతా మిరపకాయలు ఎర్రగా పరుచుకుని ఎండుతున్నాయి. మిట్టమధ్యాహ్నం. వాటి మధ్య బాట మీద నడిచి వస్తోంది. ఒక కాలికి చెప్పు ఉంది, రెండోదానికి లేదు.

"ఏంటి పెద్దమ్మా, ఒంటి చెప్పుతో వస్తున్నావ్?"

ఆవిడ కిందికి చూసుకుంది. ముఖంలో ఆశ్చర్యం కన్నా చిరాకే ఎక్కువ కనపడింది.

"మళ్ళీ జారిందా. ఏమే, నా చెప్పు ఎవరన్నా చూశారా?" అని కాయలు ఏరుతున్న ఆడవాళ్ళను కేకేసింది.

"ఇదుగోనమ్మా, కాయల్లో పడుకుంది. దానికీ ఎండ కావాలంట," అని ఒకామె చెప్పు పైకెత్తి చూపించింది. అందరూ నవ్వారు. పెద్దమ్మ కూడా నవ్వి, బోసికాలితోనే అక్కడిదాకా నడిచి వెళ్ళింది. కాలిపోతున్న ఆ నేల మీద నేను చెప్పులు వేసుకుని కూడా కాళ్ళు మార్చి మార్చి నిలబడుతున్నాను. ఆవిడ కాలు మాత్రం తడబడలేదు. నవ్వు సంగతి నేను మర్చిపోయింది అక్కడే.

పట్నంలో డాక్టరు గారికి చూపించాం. సూదిమొన పాదం మీద ఆనించి తెలుస్తోందా అంటే, తెలియడం లేదంది. రక్తపరీక్షలో బి12 బాగా తక్కువని వచ్చింది. నరాల పైపూత చెడకుండా ఉండాలంటే ఆ విటమిన్ కావాలి. మొక్కలు దాన్ని తయారు చేయలేవు, కొన్ని సూక్ష్మజీవులే చేస్తాయి. పశువుల ద్వారా, చేపల ద్వారా మనకు చేరుతుంది. పెద్దమ్మ ఏనాడో మొక్కుకుని నీచు మానేసింది. పాలు గేదె దగ్గర నుంచి నేరుగా పాలకేంద్రానికి వెళ్తాయి, ఇంట్లో మజ్జిగ అన్నది నీళ్ళకు పెట్టిన ముద్దుపేరు. పైగా ఆవిడకు షుగరు, ఆ మాత్రలు ఏళ్ళ తరబడి వాడితే ఉన్న కాస్త బి12 కూడా సరిగా ఒంటబట్టదు. తిమ్మిరికి షుగరు వాటా ఎంతో, ఈ లోటు వాటా ఎంతో చెప్పలేనన్నారు డాక్టరు గారు. "ముందు ఇంజెక్షన్లు మొదలుపెడదాం అండి. ఆలస్యమయ్యే కొద్దీ పోయిన స్పర్శ తిరిగి రావడం కష్టం," అన్నారు.

పెద్దమ్మ బయటికొచ్చి ఆటో ఎక్కింది. ఎక్కాక అడిగింది.

"ఏరా, నువ్వు మా కుండలో ఎతికేది ఏంటి?"

"బి విటమిన్లు."

"ఇప్పుడు ఈయన సూదిలో పొడుస్తానంటంది ఏంటి?"

"బి విటమినే."

"ఇంట్లో కుండ పెట్టుకుని ఊళ్ళో సూదులు ఎందుకురా నాకు?"

అన్ని బీలూ ఒకటి కాదని, అది ఒక పెద్ద కుటుంబమని, ఇంటిపేరు ఒకటైనా ఎవరి గుణం వాళ్ళదని చెప్పాను. తరవాణిలో బి12 కూడా ఉందని కొందరు రాస్తున్నారు, అది నిజమో కాదో తేలలేదని కూడా చెప్పాను. నా నోరు ఆగలేదు, ఆగింది ఆవిడ చెవి. 'ఉందని రాస్తున్నారు' దగ్గరే ఆగిపోయింది.

"అయితే మా కుండ నువ్వే పట్టుకెళ్ళి చూడు. లేదని మీ మిషను చెప్పిందా, నేనే నడిచెళ్ళి పొడిపించుకుంటా. ఉందందా, ఇంక సూది మాట ఎవరూ ఎత్తకూడదు."

మిషను మాట మా ప్రాంతంలో చిన్న మాట కాదు. పండించిన కాయ రంగెంతో కారమెంతో మిషను చెబితే తప్ప నమ్మని ఊళ్ళివి. ఇంజెక్షన్ తీసుకుంటూనే పరీక్ష చేద్దామని బతిమాలాను. సోది ఆపమంది. సూది కోసం ఇంత సోది అవసరమా అని నాకూ అనిపించింది కానీ, ఆ కాళ్ళు ఆవిడవి. అలా నా పరిశోధన మొదటిసారి ఒక మనిషికి అవసరమైంది. గడువు మాత్రం నరాల చేతిలో ఉంది.

ఆదివారం వస్తాను, మీ వీధిలో నాలుగైదు కుండల నీళ్ళు కూడా కావాలి, కాలేజీలో పరీక్ష చేస్తాం అని ముందుగా ఫోన్ చేసి చెప్పాను. వెళ్తే సీసాలు సిద్ధంగా ఉన్నాయి. ఎంతో మర్యాదగా మూతలు కూడా బిగించి ఇచ్చారు. గుంటూరు వచ్చి గాజుగొట్టాల్లో పోసి చూస్తే వాటిలో బతికున్నది ఏదీ లేదు. పులుపు ఉంది, పులిపించినవి లేవు. తలపట్టుకు కూర్చున్నాక ఒక సీసా అడుగున నిమ్మగింజ కనపడింది.

పెద్దమ్మ కోడలికి ఫోన్ చేశాను.

"అవును బావగారూ," అందా అమ్మాయి. "కాలేజీ వాళ్ళు మన కుండలు పరీక్షిస్తారంట, పరువు పోద్దని అత్తయ్య వీధంతా తిరిగి చెప్పింది. అందరం చింతపండేసి తోమి, కొత్త గంజి కాచి పోశాం. పులుపు చాల్లేదని నిమ్మకాయ పిండాం. బాగా రాలేదా?"

"మన కుండ కూడా తోమారా అమ్మా?"

"మనదే ముందు తోమింది బావగారూ."

నేను పరిశోధన అంటే వాళ్ళు పరిశుభ్రత అని విన్నారని కాదు. మాట సరిగ్గానే విన్నారు. ఇంటికి ఎవరో వస్తున్నారంటే గడప కడిగి ముగ్గేసే మనుషులకు, కుండలోకే చూడటానికి వస్తున్నారని చెబితే ఇంకేం చేస్తారు? ఏనాటి నుంచో బతికి వచ్చిన పాతనీళ్ళు కుడితిలో కలిసి గేదె కడుపులోకి పోయాయి. మర్యాదకు విరుగుడు ఏ విటమిన్లోనూ లేదు.

వీధి చివర ఒక ఇల్లు మిగిలింది. ఆ ఇంటావిడ బద్ధకస్తురాలని వీధికంతటికీ పేరు. ఆవిడ కుండ తోమలేదు. పెద్దమ్మకూ ఆవిడకూ కాలవ నీళ్ళ దగ్గర మాటామాటా వచ్చి చాన్నాళ్ళయింది. తోడుకు మాత్రం వెళ్ళక తప్పలేదు. చెంబు పట్టుకుని పెద్దమ్మే వెళ్ళింది.

"ఏం వదినా, నీ కుండ మెరిసిపోతందంట గదా," అందట ఆవిడ, గరిట ముంచుతూ.

"మెరవబట్టేగా నీ గుమ్మంలో నిలబడ్డా. పొయ్యి, పొయ్యి, నిండా పొయ్యి," అందట పెద్దమ్మ.

కుండ మళ్ళీ పదునుకు వచ్చేసరికి ఎండలు ముదిరాయి. ఈసారి చెప్పకుండా వెళ్ళాను. తరవాణి అన్నం తిని, తిన్న కుండలోంచే సీసా నింపుకున్నాను. పెద్దమ్మ నడిచేటప్పుడు నేల వంక చూస్తూ అడుగు వేస్తోంది. అంతకుముందు అలా చూసేది కాదు.

మా పరీక్ష చూడటానికి సాదాగా ఉంటుంది. బి12 లేకుండా పెరగలేని ఒక సూక్ష్మజీవి ఉంది. దానికి మిగతా ఆహారమంతా పెట్టి అదొక్కటి పెట్టం. అందులో మన నమూనా చుక్కలు వేస్తాం. గొట్టం తేటగా ఉంటే బి12 లేనట్టు. మబ్బుపడితే సూక్ష్మజీవి పెరిగినట్టు, అంటే ఉన్నట్టు.

గొట్టాలు మబ్బుపట్టాయి. వానకోసం చూసే రైతు లాగా నేనూ ఆ మబ్బు వంక చూస్తూ నిలబడ్డాను. సంతోషించాలో లేదో తెలియలేదు. ఫలితం వచ్చే రోజని తెలుసు కాబట్టి పెద్దమ్మే ఫోన్ చేసింది.

"ఏమందిరా మిషను?"

"ఉన్నట్టే కనపడుతోంది పెద్దమ్మా, కానీ..."

కానీ అన్న మాట గుంటూరు దాటకముందే ఆవిడ ఫోన్ పెట్టేసింది. ఇంజెక్షన్ సంగతి కనుక్కోవడానికి ఇంటికొచ్చిన నర్సమ్మకు ఓ గ్లాసు తరవాణి ఇచ్చి, మందు ఇందులోనే ఉందని చెప్పి పంపేసిందని కోడలు తర్వాత చెప్పింది.

మా విభాగంలో పెద్ద మేడం గారు ఉన్నారు. గొట్టాలు ఎత్తి వెలుతురులో చూసి, "ఇది ఆకలి మీదున్న జీవి అండి. ఆకలి మీదున్నవాడు మెతుకు ఏ ఊరిదని అడగడు," అన్నారు. నా 'కానీ' కూడా అదే. బి12ను అచ్చు గుద్దినట్టుండే పదార్థాలు కొన్ని ఉన్నాయి. ఒక చివర చిన్న ముక్క వేరు, అంతే. ఈ సూక్ష్మజీవి దాన్నీ తిని పెరుగుతుంది. మన ఒంట్లో మాత్రం బి12ను మోసుకెళ్ళే ప్రొటీను ఆ ముక్క దగ్గర ఆగి, ఇది మనది కాదంటుంది. అసలును, పోలికను విడదీసి చూసే యంత్రం మా దగ్గర లేదు. ఉన్నచోటికి సీసా పంపాం. జవాబు రావడానికి తొలకరి దాకా పట్టింది. ఆ రోజులన్నీ నేను మామూలుగానే పాఠాలు చెప్పాను, కాకపోతే ఎవరి చెప్పు చప్పుడు విన్నా తల తిప్పేవాణ్ణి.

కుండలో ఉన్నది దాదాపు అంతా పోలికే. అసలు బి12 ఉందని చెప్పుకోదగ్గంత లేదు.

కాగితం పంపితే ఎవరో ఒకరు చదివి వినిపిస్తారు, ఆవిడకు కావాల్సిన దగ్గర ఆపమంటుంది. అందుకని నేనే వెళ్ళాను. పెద్దమ్మ మిరప నారుమడి గట్టున పీట వేసుకుని కూర్చుంది. నిలబడి చూసే పని కూర్చుని చేస్తోంది. చెప్పులు లేవు, అడిగితే వాటి వల్లే పడిపోతున్నానంది.

"నిన్న చెప్పింది ఇవాళ కాదంటంటే మిషనేంట్రా అది?"

"మిషను కాదు పెద్దమ్మా, అప్పుడు చూసింది వేరే పద్ధతి." తాళం, మారుతాళం అని ఏదో చెప్పబోయాను. తాళంచెవి పట్టడం, తిరగకపోవడం. చెబుతుంటే నాకే చిక్కుపడింది. ఆవిడ వినడం లేదు, నారు వంక చూస్తోంది.

"అది అచ్చు బి12 లాగే ఉంటుంది. ఆ పురుగు దాన్ని తిని పెరిగింది. మన నరాలకు మాత్రం పని చేయదు," అన్నాను చివరికి.

పెద్దమ్మ ఒక నారు మొక్కను పీకి చూసింది. కొంతకాలం కిందట ఆవిడ కొన్న మిరప విత్తనం నకిలీదని తేలింది. మొక్కలు నడుమెత్తు పెరిగి, నవనవలాడాయి. ఊరంతా వచ్చి చేను చూసి మెచ్చుకున్నారు. కాపు రాలేదు.

"నకిలీ విత్తనం," అంది.

"అలాంటిదే."

"పైరు పెరుగుద్ది. కాయ కాయదు."

"అవును."

"ఆ మాట ముందే అనొచ్చు గదరా. తాళాలంటాడు."

లేవబోయింది. చెయ్యి అందిస్తే పట్టుకుంది. అది నాకు కొత్త. మా పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని నడిపించడమే గాని, పట్టుకుని నడవడం ఎప్పుడూ లేదు. ఆ సాయంత్రమే పట్నం వెళ్ళాం. నడిచెళ్తానన్న మాట నిలబెట్టుకోవాలని ఆటోను ఆస్పత్రి గేటు బయటే ఆపించింది. లోపలిదాకా చాలాసేపు పట్టింది.

కుండ సంగతి ఏంటని దారిలో అడిగాను, పారేస్తుందేమోనని నాకు భయం. అందులో ఫోలేటు అనే ఇంకో బి విటమిన్ పులిసే కొద్దీ పెరగడం మేం కొలిచాం, అది అసలుదే.

"కుండకేం పాపం," అంది. "అది పులుస్తానందిగాని, సూది పొడుస్తానందా?"

ఈ ఏడు కళ్ళంలో మళ్ళీ కాయలు పరిచారు. టార్పాలిన్ నీడలో నేను తరవాణి అన్నం తింటున్నాను. తోడు వీధి చివరి ఇంటిదే, ఆ మాట పెద్దమ్మా ఎత్తదు, ఆ ఇంటావిడా ఎత్తదు. పెద్దమ్మ బాట మీద వస్తోంది. ఎడమ చెప్పుకు వెనక చీర అంచు గుడ్డతో పట్టీ కుట్టి ఉంది. ఆ కాలికి స్పర్శ పూర్తిగా రాలేదు, రాకపోవచ్చని డాక్టరు గారు చెప్పేశారు. సగం దారిలో కుడికాలి చెప్పు జారింది. ఆవిడ ఆగింది. కిందికి చూడలేదు. కూలీలతో మాట్లాడుతూనే కాలు వెనక్కి చాపి, వేళ్ళతో తడిమి, చెప్పు దొరకపుచ్చుకుని తొడుక్కుంది.

"నేల చుర్రుమంటందిరా," అంది నా దగ్గరికొచ్చి, కాయ ధర పెరిగిందని చెప్పే గొంతుతో.

నేను గిన్నె కింద పెట్టాను.

"కాళ్ళ వంక ఏం చూస్తావు? కాయల వంక చూడు," అంది.