రైలు వంతెన దిగేదాకా

"...ఆఖరి పెట్టె కూడా వంతెన దిగేదాకా ఆగే దించానత్తా. ఇంకేం చెయ్యమంటావు, స్టేషన్ దాకా ఎదురెళ్ళి గార్డుగారిని అడిగి రమ్మంటావా?"

"అడిగొచ్చినా ఇంతే. నీళ్ళు నీళ్ళుగా ఉంది. చింతపండు పచ్చివాసన పోలేదు."

"నువ్వు చెప్పినట్టే చేశాను."

"నేను చెప్పినట్టు చేస్తే ఇలా ఉండదు."

"అంటే నాకూ సగమే చెప్పావన్నమాట. ఊళ్ళో అందరికీ చెప్పినట్టే."

కొవ్వూరులో గోదావరి గట్టుకి ఇవతల, వంతెన మీద రైలు పోతుంటే అల్మారాలో గ్లాసులు గలగలమనేంత దగ్గర్లో ఉంటుంది అచ్చాయమ్మ ఇల్లు. ఆ మంగళవారం పెరట్లో అత్తాకోడళ్ళు అలా వాదించుకుంటుంటే, ఇద్దరి మధ్యా కంచం పెట్టుకుని కూర్చున్న త్రిమూర్తులు తల ఎత్తలేదు. ఎత్తితే పులుసు ఎలా ఉందని ఇద్దరూ అడుగుతారు. ఒకరు అతని తల్లి, ఒకరు పెళ్ళాం. అందుకని నోరు ఖాళీ లేకుండా అన్నం కుక్కుకుంటున్నాడు.

ఆదివారం హెలెన్ టీచరుగారి రిటైర్‌మెంటు భోజనాలు. చర్చిలో ఆరాధన అయ్యాక బంధువులూ, బడివాళ్ళూ కలిపి ముప్పై మంది. బిర్యానీ, కోడికూర ఎవరో కేటరింగువాళ్ళకి ఇచ్చారు. బొమ్మిడాయిల పులుసు మాత్రం అచ్చాయమ్మ ఇంటి నుంచే రావాలన్నారు టీచరుగారు. అచ్చాయమ్మకి అప్పటికి పది రోజుల కిందటే కుడికంటికి ఆపరేషన్ అయింది. నెల్లాళ్ళు పొయ్యి దగ్గరికి, పొగలోకి పోవద్దన్నారు డాక్టరుగారు. ఆ మాటే చెప్పి దణ్ణం పెట్టేద్దామని ఆవిడ నోరు తెరిచేలోగా, నాగదుర్గ గదిలోంచి వచ్చి "నేను పెడతానండి" అనేసింది.

నాగదుర్గకి పెళ్ళయి పద్దెనిమిదేళ్ళు. ఈ పద్దెనిమిదేళ్ళలో అన్నం, చారు, రొయ్యల వేపుడు, ఎండుచేపల కూర ఒక్కొక్కటే ఆమె చేతికి వచ్చాయి. బొమ్మిడాయిలు మాత్రం రాలేదు. బూడిదా కల్లుప్పూ వేసి, జిగురు పోయేదాకా రాతి మీద వాటిని తోమడం కోడలి పని. పులుసు కాచే మట్టిదాక పొయ్యి మీదికి ఎక్కించడం అత్త పని. ఈ ఆదివారం కుదిరిందా, దాక నాగదుర్గది. కుదరలేదా, అత్త కన్ను బాగయ్యాక మళ్ళీ బూడిదా రాయీ.

అచ్చాయమ్మ సగమే చెబుతుందన్న నింద ఊరికే రాలేదు. ఆవిడది పట్టిసీమ. పదహారో ఏట ఈ ఇంటికి కోడలిగా వచ్చింది. పిల్లాడు పుట్టిన ఏడాది నుంచి నలభై ఏళ్ళ పాటు నెత్తి మీద చేపల గంపతో రాజమండ్రి పోయి వీధుల్లో అమ్మింది. గంపను బస్సులో ఎక్కించనని కండక్టరు అంటే, అది తనది కాదనేది. ఎవరిదని అడిగితే, కిటికీ దగ్గర కూర్చున్న పంచెకట్టు పెద్దమనిషి వైపు గౌరవంగా చూసేది. ఆయన తేరుకునేసరికి బస్సు వంతెన మీద ఉండేది.

చేప కొన్నవాళ్ళు వండే తీరు అడిగితే ఎవరినీ కాదనేది కాదు. ఒకావిడని చివర్లో చెంచాడు పంచదార వెయ్యమంది. ఇంకొకావిడని బొమ్మిడాయిల తలలన్నీ తూర్పుకి పెట్టి వండమంది. హెలెన్ టీచరుగారిని మూత పెట్టి పావుగంట పాటు ఇంట్లో ఎవరూ మాట్లాడకుండా చూసుకోమంది. ఆవిడ అదంతా నోటుబుక్కులో రాసుకుని, మూడు ఆదివారాలు భర్తనీ పిల్లల్నీ నిశ్శబ్దంగా కూర్చోబెట్టి, నాలుగో ఆదివారం గిన్నె తీసుకుని అచ్చాయమ్మ ఇంటికే వచ్చారు. అప్పటి నుంచీ పులుసు ఇక్కడిదే. "వండటం అందరికీ వచ్చేస్తే చేప కొంటారు గానీ నన్నెందుకు తలుచుకుంటారు" అని అచ్చాయమ్మ వాదన.

అయితే నాగదుర్గకి సోమవారం నాడు చెప్పింది నిజమే. ఆపరేషన్ చేసిన కన్ను మీద ఒట్టు పెట్టి మరీ చెప్పింది. అచ్చాయమ్మ అత్త పోలమ్మ ఆవిడకి నేర్పిన తీరు అది. ఉల్లిముద్ద నూనెలో ఎర్రబడాలి. పసుపు, కారం, ఉప్పు పడాలి. చేపలు పడ్డాక గరిటె పెట్టకూడదు, దాకని గుడ్డతో పట్టుకుని తిప్పాలి. ఆ తర్వాత రైలు కోసం చెవి ఒగ్గాలి. రైలు వంతెన ఎక్కగానే చింతపండు పులుసు పొయ్యాలి. దిగేదాకా మరగనివ్వాలి. దిగగానే దించాలి. పోలమ్మకి గడియారం చూడటం రాదు. గడియారం కొనే ఆలోచన కూడా ఆ ఇంట్లో అప్పట్లో ఎవరికీ లేదు.

జీవితంలో మొదటిసారి పూర్తిగా నిజం చెబితే, అది అబద్ధమని కోడలు నిలబెట్టి అడిగింది. అచ్చాయమ్మకి ఆ మంగళవారం అన్నం సహించలేదు. సహించకపోవడానికి పులుసు కూడా కొంత కారణం.

గురువారం మళ్ళీ బొమ్మిడాయిలు దొరికాయి. ఈసారి అచ్చాయమ్మ నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, పొగ రాని వైపు చూసి పెరటి గుమ్మంలో పీట వేయించుకుంది. రైలు వంతెన ఎక్కింది. నాగదుర్గ పులుసు పోసి, కొంగున దోపుకున్న ఫోను తీసి టైము చూసుకుంది.

ఊరికే కూర్చోవడం అచ్చాయమ్మకి అలవాటు లేదు. పోయి పాతికేళ్ళయిన అత్తని తిట్టడం అందుకుంది. కొత్తకోడలు కాళ్ళ పారాణి ఆరకముందే గంపెడు బొమ్మిడాయిలు ముందు కుమ్మరించి తోమమన్నదట పోలమ్మ. ఈ ముక్క కోపంగా చెబుతూనే అచ్చాయమ్మ ఎడమచెయ్యి గాలిలో ఒక కట్టెని వెనక్కి లాగింది. నాగదుర్గ చూసి, పొయ్యిలో కట్టె వెనక్కి లాగింది. కోడలు పొట్టిదని తెలిసే ఉప్పుజాడీ పై అటక మీద పెట్టేదట. ఉప్పు కావాల్సినప్పుడల్లా అత్తని బతిమాలుకోవాలి. ఇక్కడ అచ్చాయమ్మ రెండు చేతులూ గాలిలో గుండ్రంగా తిరిగాయి. నాగదుర్గ గుడ్డ పట్టుకుని దాకని తిప్పింది. రైలు దిగి వెళ్ళిపోయింది. ఫోనులో నాలుగు నిమిషాలు కూడా కాలేదు. నాగదుర్గ దాక దించకుండా అత్త చేతుల వైపే చూస్తూ కూర్చుంది.

పోలమ్మ నేరాలు ఇంకా చాలా ఉన్నాయి. చేపముక్కలు లెక్కపెట్టి వడ్డించేది. ఒక ముక్క తగ్గితే కోడల్ని నోరు తెరవమని వాసన చూసేది. అచ్చాయమ్మ పులుసు తిని మూడు వీధులవాళ్ళు మెచ్చుకుంటే, చేప మంచిది కాబట్టి బాగుంది గానీ కోడలి గొప్పేమీ లేదని నాలుగో వీధికి వెళ్ళి చెప్పొచ్చింది. త్రిమూర్తులు పుట్టినప్పుడు ఆవిడే రోజూ పులుసు కాచి బాలింతకి పెట్టింది. ఆ పెట్టినందుకు పదేళ్ళు దెప్పింది. ఆఖరికి మంచాన పడి, గుటక దిగని రోజుల్లో కూడా బొమ్మిడాయిల పులుసే కావాలంది. అచ్చాయమ్మ వండి, వేలితో నాలిక మీద రాసింది.

"రాస్తే ఏమందో తెలుసా? ఉప్పు చాల్లేదంది. అదే ఆఖరి మాట. దించు."

నాగదుర్గ దించింది. పదిహేడు నిమిషాలు.

త్రిమూర్తులు వచ్చి ఒక ముద్ద తిని, మొదటిసారి ఎవరూ అడక్కుండానే తల ఎత్తాడు. ఇదీ పులుసంటే, అన్నాడు. అచ్చాయమ్మ కళ్ళద్దాలు సర్దుకుని, రైలు లెక్క తప్పదని చెప్పలేదా అని కోడల్ని నిలదీసింది. దించేసరికి రైలు పోయి పావుగంట కావొచ్చిందని నాగదుర్గ ఫోను చూపించింది. అచ్చాయమ్మ నమ్మలేదు. కొత్త వంతెన మీద రైలు పరిగెత్తుతుందని, పోలమ్మ కాలంలో పాత వంతెన మీద ఎడ్లబండిలా పాకేదని త్రిమూర్తులు అన్నాడు. అప్పుడు రైలు దిగేసరికి తిట్లూ అయిపోయి ఉంటాయి. రైలు వేగం మారినా తిట్ల వేగం మారలేదు. ఇన్నేళ్ళుగా అచ్చాయమ్మ రైలు వింటున్నాననుకుంటూ అత్తని వింటోంది.

"అయితే పదిహేడు నిమిషాలకి ఫోనులో అలారం పెట్టుకుంటే సరి," అన్నాడు త్రిమూర్తులు.

"ఆదివారం పెద్ద దాక కదండీ. ముప్పై మందికి ఎన్ని నిమిషాలు?" అంది నాగదుర్గ.

ఆ ప్రశ్న అత్తకే. అచ్చాయమ్మ కాసేపు తప్పించుకుంది. గంగమ్మ సంబరాలకి పెద్ద దాక ఎక్కించిన రోజులు గుర్తుచేసుకున్నట్టు గాలిలోకి చూసింది. చివరికి తప్పక ఒప్పుకుంది.

"పెద్ద దాకకి మా అత్తొక్కత్తీ సరిపోదే. మా మామగారిని కూడా అందుకోవాలి."

మామగారిని ఎంతసేపు తిడతారో ఎవరి దగ్గరా లెక్క లేదు. అందుకని శుక్రవారం పెద్ద దాకతోనే చూద్దామని అనుకున్నారు. త్రిమూర్తులు తెల్లవారకముందే వలవాళ్ళ దగ్గరికి పోయి రెండు కిలోలు తెచ్చాడు. నాగదుర్గ తోమింది. పులుసు పోసి, ఫోను అత్త పీట పక్కన పెట్టి, మొదలుపెట్టమంది.

అచ్చాయమ్మ గొంతు సవరించుకుంది. పారాణి సంగతి మొదలుపెట్టింది. తను చెప్పేది తన చెవికే వినబడుతుండటం ఇదే మొదటిసారి. సగంలో ఆగి, ఆ రోజు ఇంట్లో ఇంకెవరూ లేరనీ, పోలమ్మకి జ్వరమనీ చెప్పింది. ఉప్పుజాడీ దగ్గరికి వచ్చింది. అటక మీద కాకపోతే కింద చెమ్మకి ఉప్పు నీరయిపోయేది, అంది. బాలింతకి పులుసు కాచిన సంగతైతే అసలు తిట్టులోకి రాలేదు. ముక్కలు లెక్కపెట్టిందంటే ఇంట్లో తొమ్మిది మంది తినేవాళ్ళు మరి. మామగారి దగ్గరికి వచ్చేసరికి పాపం మహానుభావుడు అంది. మొత్తం అయిదు నిమిషాల్లో అయిపోయింది. చేతులు ఒళ్ళోంచి ఒక్కసారి కూడా లేవలేదు.

పులుసు పాడైంది. నాగదుర్గ పాడైన పులుసు వైపూ, పీట మీద కూర్చున్న, మంచిదైపోయిన అత్త వైపూ మార్చి మార్చి చూసింది.

సాయంత్రం హెలెన్ టీచరుగారు ఫోను చేశారు. ఏర్పాట్లు బాగున్నాయా అని అడిగారు. బ్రహ్మాండంగా ఉన్నాయండి అని చెప్పి నాగదుర్గ ఫోను పెట్టేసింది. అచ్చాయమ్మ ఆ అబద్ధం విని కొంచెం తృప్తి పడినట్టు కనిపించింది.

శనివారం పొద్దున్న నాగదుర్గ మిగిలిన చేపలతో చిన్న దాక ఎక్కించి తనే పోలమ్మని తిట్టబోయింది. గురువారం విన్నవన్నీ వరసగానే గుర్తున్నాయి. కానీ చూడని మనిషి మీద కోపం ఎంతసేపు నిలుస్తుంది. పాఠం అప్పజెప్పినట్టుంది. కట్టె ఎప్పుడు లాగాలో, దాక ఎప్పుడు తిప్పాలో చేతికి తెలియలేదు. అన్నీ చెప్పేసి చూస్తే ఏడు నిమిషాలు. ఆమె దాక పక్కనే చతికిలబడింది.

అచ్చాయమ్మ గుమ్మంలోంచి అంతా చూస్తూనే ఉంది.

"మా అత్త నీకెందుకే," అంది. "మా అత్త నా పులుసుకి. నీ పులుసుకి నీ అత్త లేదా?"

నాగదుర్గ కొంగు దులుపుకుంది. పొయ్యిలో ఆరిపోయిన కట్టెని అనవసరంగా సర్దింది. గట్టు మీద ఎవరో పోతుంటే వాళ్ళు దాటేదాకా ఆగింది.

"ఉంది," అంది చివరికి. "పద్దెనిమిదేళ్ళకి సరిపడా ఉంది. ఎదురుగా పీటేసుకుని కూర్చుంటే నోరెలా వస్తుందత్తా?"

త్రిమూర్తులు ఫోను మోగకపోయినా తీసి చెవి దగ్గర పెట్టుకుని వీధిలోకి నడిచాడు. అచ్చాయమ్మ నల్ల కళ్ళద్దాల వెనక ఏమనుకుందో తెలియలేదు. పీట మీద నుంచి లేచి, గోడ పట్టుకుని లోపలికి వెళ్ళింది. పెట్టెలోంచి ఉతికిన చీర ఒకటి, కంటి చుక్కలమందు సీసా ఒకటి తీసి సంచిలో పెట్టుకుంది. సంచి తెచ్చి గుమ్మం పక్కన ఆనించింది.

"రేపు పొద్దున్నే మొదటి బస్సుకి పట్టిసీమ మా తమ్ముడింటికి పోతున్నాను," అంది. "పొద్దుగూకాక గానీ రాను. పెద్ద దాక కదా, నీ మొగుణ్ణి కూడా వెంటబెట్టుకుపోతున్నాను."