చుట్టాల కవరు

మా ఆయన పోయిన మరుసటి ఏడాది, కాలేజీలు తెరిచిన వారంలో, నరసాపురం పక్కన మా పేటలో లేసు అల్లేవాళ్లకు నన్ను లీడరుగా పెట్టారు. నాకు చదువు సంతకం వరకే. అందుకే ఇది చెప్పి రాయిస్తున్నాను. లీడరంటే పెద్ద హోదా ఏమీ కాదు. లేసు కొనే సెంటరు నుంచి నూలు తూచి తేవాలి, పద్నాలుగు మంది ఆడవాళ్లకు పంచాలి, శనివారం అల్లిన లేసు తూచి తీసుకుని కూలి చేతిలో పెట్టాలి. ఇచ్చిన నూలుకీ వచ్చిన లేసుకీ తూకం సరిపోవాలి. తగ్గితే నా కూలిలో కోత.

తూకం కన్నా గట్టి నియమం ఇంకొకటి ఉంది. ఒక లాటు నూలు, అంటే ఒక విడతలో వచ్చిన నూలు, ఇంకో లాటులో కలపకూడదు. చూపుకి రెండూ తెలుపే. ఉతికాక ఒకటి పచ్చగా తేలుతుంది. పదిమంది అల్లిన టేబులు గుడ్డ మొత్తం వెనక్కి వచ్చేస్తుంది. నూలు చాలకపోతే పని ఆపి నాకు చెప్పండి, పక్క లాటు ముట్టుకోకండి అని వారం వారం అరిచేదాన్ని.

మా గుంపులో సత్యవతి అని ఒకామె ఉండేది. భర్త రైసుమిల్లులో బస్తాలు మోసేవాడు. ఇద్దరికీ కూలి వారానికోసారే. అయినా ఆమె నన్ను ఒక్కసారీ అడ్వాన్సు అడిగింది లేదు. ఎలాగమ్మా అంటే పాత శుభలేఖల కవర్లు తెచ్చి చూపించింది. బియ్యానికి ఒకటి, కూరలకు ఒకటి, పాలకు, గ్యాసుకు, చదువుకు. కూలి అందిన సాయంత్రమే పంచేస్తుంది. కూరల కవరు గురువారానికి ఖాళీ అయితే శుక్రవారం పచ్చడే. నేనూ అలాగే మొదలుపెడితే, చదవలేనని నా కవర్లకు తనే లేసు ముక్కలు కుట్టి ఇచ్చింది. బియ్యానికి పువ్వు, కూరలకు ఆకు, చదువుకు నక్షత్రం. కళ్లు మూసుకుని తడిమినా తెలిసేవి.

ఆ చలికాలంలో మా అమ్మాయి ఇంటర్ పరీక్ష ఫీజుకు ఒక సోమవారం ఆఖరు రోజు. నక్షత్రం కవరులో సరిగ్గా అంతే ఉంది, ఎనిమిది వారాలు వేసింది. ముందురోజు పొద్దున్నే పాలకొల్లు నుంచి మా పెద్ద ఆడపడుచు, ఆవిడ భర్త దిగారు. మా ఆయన పోయాక వాళ్లు మా గడప తొక్కడం అదే మొదలు. మా వైపు ఇంటికొచ్చినవాళ్లకు కోడో రొయ్యలో లేకుండా విస్తరి వేస్తే తలెత్తుకోలేం. సెంటరులో నా కూలి ఇచ్చేది మంగళవారం, కూరల కవరు చూస్తే అడుగంటింది. నక్షత్రం కవరు విప్పాను.

అప్పుడే సత్యవతి, శనివారం ఇవ్వలేకపోయిన లేసు పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చింది. నా చేతిలో కవరు చూసింది.

“లాటు కలిపేత్తన్నారేంటండీ లీడరుగారూ?”

“చుట్టాలొచ్చారే. ఏం చెయ్యమంటావు? రేపెక్కడో తెత్తాలే.”

“నూలు దగ్గర నేనా మాటంటే తూకపు రాళ్లు నా మీదకి ఇసిరేత్తారు మీరు.”

 కవరు డబ్బాలో పెట్టేశాను. కూరల కవరులో మిగిలినదానికి కోడిగుడ్లు వచ్చాయి. పులుసు పెట్టాను.

విస్తట్లో గుడ్డు చూసి మా ఆడపడుచు, “మా తమ్ముడుంటే రొయ్యలేసేవోడు” అంది.

“ఆయనుంటే రేపటి పిల్ల ఫీజు కూడా ఆయనే కట్టేవోరు వదినగారూ. ఆ డబ్బు మాత్రం తియ్యలేనండి. ఇంకో గుడ్డు ఎయ్యమంటారా?” అన్నాను.

 ఆవిడ భర్త, అన్నయ్యగారు, “నాకెయ్యమ్మా, పులుసు బావుంది” అని విస్తరి ముందుకు జరిపారు. సాయంత్రం బస్సెక్కేదాకా వదిన నాతో మాట్లాడలేదు.

సోమవారం ఫీజు కట్టాం. ఆ శనివారం సత్యవతి ఇంకో కవరు తెచ్చింది, చిన్న చేప లేసు కుట్టి. చుట్టాల కవరట. తన ఇంట్లో మొదటినుంచీ ఉందట. నాకు ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను. “మీ ఇంటికి ఎవరూ రావట్లేదు గదండీ, అక్కర్లేదనుకున్నాను” అంది. ఎండాకాలంలో వదిన మళ్లీ వచ్చినప్పుడు రొయ్యలు ఆ కవరులోంచే వండాను.

లీడరు పని పదకొండేళ్లు చేసి మానేశాను. లాట్లు కలపొద్దని అరవడం నాకు మొదటి వారమే వచ్చింది. కలపకుండా ఉండాలంటే రాబోయే అవసరానికి వేరే లాటు ముందే తీసిపెట్టాలని నాకు నేర్పింది మాత్రం నా దగ్గర నూలు తూయించుకున్న మనిషి.