సుగుణరత్నం మేడమ్ చేయించుకోని సర్జరీ

పన్ను తీయించుకుందామని మొన్న తార్నాకలో ఒక పంటి డాక్టరు దగ్గరికి వెళ్లాను. లోపలి గదిలోంచి స్పిరిట్ వాసన ముక్కుకు తగిలింది. కౌంటర్ దగ్గరి అమ్మాయి, "బీపీ, షుగర్, రక్తం పలచబడే గోలీలు ఏమన్న వాడుతున్నరా అంకుల్?" అని అడిగింది. జవాబు చెప్పే లోపే మా ప్రొఫెసర్ సుగుణరత్నం మేడమ్ గుర్తొచ్చారు. ఆమె గురించి మా క్యాంపస్‌లో ఇప్పటికీ ఒక మాట తిరుగుతోంది. ముడతలు పోవాలని ముఖానికి రహస్యంగా సర్జరీ చేయించుకున్నారని, అదే ప్రాణం తీసిందని. అది అబద్ధం. ఆ సంగతి తెలిసినవాణ్ణి నేనే. తెలిసీ ఊరుకున్నాను.

మేడమ్‌ది గుంటూరు వైపు. తార్నాకలో ఒక్కరే ఉండేవారు. నేను మౌలాలి నుంచి బస్సులో వచ్చి ఆమె దగ్గర కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేశాను, తర్వాత అదే డిపార్ట్‌మెంట్‌లో ఉద్యోగంలో చేరాను. ల్యాబ్‌లో ఆమెకొక పద్ధతి ఉండేది. ప్రయోగం మొదలుపెట్టే ముందు, ఇందులో ఏం చెడిపోవచ్చో ప్రతివాళ్లూ పైకి చెప్పాలి. "ఏమీ కాదు మేడమ్" అన్నవాడికి ఆ రోజు బర్నర్ ముట్టుకునే హక్కు లేదు. చేరిన కొత్తలోనే నేను ఆ మాట అన్నాను.

"ఏమీ కాదని నీకెవరు చెప్పారయ్యా మల్లేశం? ఆ ఫ్లాస్కు చెప్పిందా?" అన్నారు. ఆ పూటంతా కిటికీ పక్కన నిలబడి మిగతావాళ్ల ప్రయోగాలు చూశాను.

రిటైర్మెంట్ దగ్గరపడుతుండగా ఆమె గుండెకు స్టెంట్ వేశారు. షుగరు, బీపీ ముందు నుంచే ఉన్నాయి. ఆస్పత్రి నుంచి వచ్చేసరికి మనిషి చిక్కిపోయారు, బుగ్గలు జారిపోయాయి. కారిడార్‌లో ఎదురైన ప్రతివాళ్లూ "అలసిపోయారా మేడమ్?" అని అడిగేవాళ్లు. అందులో జాలే తప్ప చెడు ఉద్దేశం లేదు. కానీ ఆ ప్రశ్నే ఆమెను తినేసింది.

"నేను అలసిపోలేదయ్యా. నా ముఖం అలసిపోయింది. రోజూ దాని తరఫున నేను సంజాయిషీ చెప్పుకోవాలి," అన్నారొకరోజు టీ తాగుతూ. "ఫేస్‌లిఫ్ట్ అంటారే, అది చేయించుకుందామనుకుంటున్నా."

నాకు నవ్వొచ్చింది. ఆపుకోబోయాను.

"నవ్వుకో. నవ్వడం అయ్యాక ఆటో పిలువు. డాక్టరు దగ్గరికి నువ్వూ రావాలి."

ఆటోలో ఆమెకు సాయం చేస్తున్నాననుకుని ఒక సలహా ఇచ్చాను. "మేడమ్, స్టెంట్ సంగతి, గా రక్తం పలచబడే గోలీ సంగతి చెప్పకుండ్రి. చెప్తే చెయ్యనంటడు. సర్జరీ ముందర మనమే గోలీ బంద్ చేద్దాం. కొన్ని రోజులకు ఏం కాదు."

"ఏమీ కాదా?" అన్నారు.

లోపల కుర్చీలో కూర్చుంటూనే స్టెంటు, గోలీలు, షుగరు, బీపీ, పడని మందు, అన్నీ ఆమే చెప్పేశారు. "ఇందులో ఏం చెడిపోవచ్చో ఇప్పుడు మీరు చెప్పండి డాక్టరుగారూ."

"ఆ గోలీ వేసుకుంటూ సర్జరీ చేయించుకుంటే చర్మం కింద రక్తం పేరుకుంటది. బీపీ ఉంటే ఇంకా ఎక్కువ. గోలీ ఆపితే స్టెంట్ మూసుకుపోవచ్చు, ప్రాణానికే డేంజర్. షుగర్ కంట్రోల్‌లో లేకపోతే గాయం తొందరగా మానదు. ఇప్పుడైతే నేను చెయ్యను మేడమ్. ముందు అవి కంట్రోల్‌కి రానివ్వండి. మీ గుండె డాక్టర్ సరే అంటే అప్పుడు ఆలోచిద్దాం."

"మా మల్లేశం మాత్రం గోలీ ఆపేస్తే ఏమీ కాదన్నాడు."

డాక్టరు నా వైపు తిరిగి, "సార్ కూడా డాక్టరేనా?" అన్నాడు.

"డాక్టరే. కెమిస్ట్రీలో," అన్నారు మేడమ్.

ఆ తర్వాత ఆమె పొద్దున్నే క్యాంపస్‌లో నడవడం మొదలుపెట్టారు. షుగరు దిగింది. ఏడాది దాటాక గుండె డాక్టరు ఒప్పుకున్నాడు. సర్జన్ కూడా, ప్రమాదం తగ్గింది కానీ పూర్తిగా పోలేదని, నిర్ణయం మీదేనని అన్నాడు. ఆమె వారం రోజులు ఆలోచించుకున్నారు.

"ప్రమాదం తగ్గిందన్నాడు. ఈలోగా నా కోరిక అంతకంటే తగ్గిపోయిందయ్యా. వద్దులే," అన్నారు. ఆ మాటలో ఓడిపోయినట్టేమీ లేదు. మర్నాడు ల్యాబ్‌లో ఒక కొత్త విద్యార్థిని "అలసిపోయారా మేడమ్?" అని ఎప్పటి ప్రశ్నే అడిగింది. "లేదమ్మా, నా ముఖమే అంత. నువ్వు చెప్పు, ఇందులో ఏం చెడిపోవచ్చు?" అన్నారు.

రిటైరైన కొన్నేళ్లకు ఆమె గుండెజబ్బుతోనే పోయారు. సంతాపసభ అయ్యాక మా కొలీగ్ యాదగిరి టీ గ్లాసుతో పక్కకు వచ్చాడు.

"ఎరుకేనా అన్నా? మొఖానికి సర్జరీ చేయించుకున్నదంట. గోలీలు గూడ బంద్ పెట్టిందంట. గా వయసుల గీ షోకులేంది చెప్పు?"

నేను టీ తాగుతూ నిలబడ్డాను. కాదని చెప్పాలంటే నాకెలా తెలుసో చెప్పాలి. అప్పుడు ఆటోలో నేనన్న మాట కూడా బయటపడుతుంది. అందుకే నోరు మెదపలేదు. ఆ రోజు ఆమె నా సలహా విని ఉంటే యాదగిరి చెప్పిందే నిజమయ్యేదేమో. ఆమె వినలేదు. ఈ సంగతి సంతాపసభ రోజే చెప్పాల్సింది.

కౌంటర్ దగ్గరి అమ్మాయి మళ్లీ అడిగింది. నేనూ నిరుటి నుంచి అదే గోలీ వేసుకుంటున్నాను. పన్ను రెండు రాత్రులుగా నిద్రపోనివ్వడం లేదు. గోలీలేవీ వాడటం లేదని చెప్తే పని ఇవాళే అయిపోతుంది.

"ఉన్నయమ్మా, రాసుకో," అని బీపీ దగ్గర్నుంచి మొదలుపెట్టి అన్నీ చెప్పాను.

"గట్లయితే సార్ ఇయ్యాల పన్ను తియ్యకపోవచ్చు అంకుల్."

"తియ్యకుంటే మానె. ఏం చెడిపోవచ్చో ముందు చెప్పమను," అన్నాను.