రోజూ పొద్దున భార్యను పోగొట్టుకున్న మెకానిక్

లిఫ్టు పని చేసేవాడికి చెడు ఊహించడం వచ్చి ఉండాలి. తాడు తెగితే ఏమవుతుంది, బ్రేకు పట్టకపోతే ఏమవుతుంది, తలుపు తెరుచుకుని లోపల లిఫ్టు పెట్టె లేకపోతే ఏమవుతుంది అని ముందే కళ్లకు కట్టుకుని చూసుకున్నవాడే సాయంత్రం ఒంటి మీద గాటు లేకుండా ఇల్లు చేరతాడు. ఈ విద్యలో మా అన్నను మించినవాణ్ణి నేను చూడలేదు. సొంత అన్న కాదు. నాకు పని నేర్పిన మనిషి, ఏళ్ల తరబడి ఒకే బండిలో, ఒకే పనిముట్ల పెట్టెతో తిరుగుతున్నాం. కంపెనీలో అందరూ ఆయన్ను గుండ్రాయి అంటారు, అదీ మొహం మీదే. ఆయన ఏమీ అనుకోడు. ఏమీ అనుకోకపోవడం వల్లే ఆ పేరు వచ్చింది.

మొదట్లో ఇలా ఉండేవాడు కాదు. స్పానరు జారితే స్పానరును తిట్టేవాడు. సూపర్వైజరు ఫోను చేస్తే ఫోను పగిలేలా అరిచేవాడు. ఆయన్ను మార్చింది ఒక టీచరమ్మ.

పాత అపార్టుమెంటు ఒకటి. కరెంటు పోయి వచ్చాక లిఫ్టు రెండంతస్తుల మధ్య ఇరుక్కుంది. లోపల ఎవరో పెద్దావిడ ఉందని వాచ్‌మన్ గుండెలు బాదుకుంటున్నాడు. మేం వెళ్లి, పైనుంచి చేత్తో మోటారు తిప్పి పెట్టెను దించి, తలుపు తీశాం. లోపల ఆవిడ నేల మీద కూర్చుని, సంచీకి ఆనుకుని, ఫోను వెలుగులో పుస్తకం చదువుకుంటోంది.

"అప్పుడే అయిపోయిందా? ఇంకో రెండు పేజీలుండేవి" అంది.

అన్న నోరు తెరిచాడు. ఇరుక్కున్నవాళ్లు తిట్టడం చూశాడు, ఏడవడం చూశాడు, కాళ్ల మీద పడబోవడం చూశాడు. ఇది చూడలేదు.

"భయమెయ్యలేదా అమ్మా?"

"లిఫ్టు నా చేతిలో లేదుగా బాబూ. అరవాలా వద్దా అన్నదొక్కటే నా చేతిలో ఉంది. అరిస్తే గొంతు పోతుంది."

ఆ మాట ఆయన్ను పట్టుకుంది. ఆవిడ రిటైరైన చరిత్ర టీచరు. ప్రతి నెలా ఆ లిఫ్టు సర్వీసింగుకి వెళ్లినప్పుడు అన్న ఆవిడ గుమ్మం దగ్గర నిలబడి నాలుగు మాటలు అడిగి తెలుసుకునేవాడు. గ్రీసులో, రోములో ఎప్పుడో పూర్వం స్టోయిక్కులని కొందరు జ్ఞానులు ఉండేవారట. మన చేతిలో ఉన్నదేదో, లేనిదేదో విడదీసుకో, ఉన్నదాన్ని శ్రద్ధగా చెయ్యి, లేనిదాని కోసం గింజుకోకు అనేవారట. రాబోయే కష్టాన్ని ముందే మనసులో చూసి పెట్టుకో, వచ్చినప్పుడు కూలిపోవు అని కూడా అనేవారట. ఈ రెండోది వినగానే అన్న మొహం వెలిగిపోయింది. "ఇది మన పనే తమ్ముడూ! మనం రోజూ చేసేదే!" అన్నాడు బండిలో.

అప్పటి నుంచి మనిషి మారాడు. ఇల్లు కురిస్తే, "కురవడం వాన పని, బకెట్టు పెట్టడం నా పని" అని బకెట్టు పెట్టి పడుకునేవాడు. సూపర్వైజరు అరుస్తుంటే ఫోను చెవికి కాస్త దూరంగా పట్టుకుని బోల్టు బిగించుకునేవాడు. "మీ అన్న ఇల్లు కూలినా ఇటుకలు తీసి పక్కన పేర్చుకుంటారయ్యా" అని వదిన నవ్వేది. కోపం పోయినందుకు ఆవిడకీ సంతోషమే. ఇంట్లో ఒక అరుపు తగ్గితే ఎవరికి చేదు?

లోపల ఆయన ఇంకేం చేస్తున్నాడో ఆవిడకు తెలియదు. నాకూ తెలియదు.

ఒకరోజు పొద్దున పనికి బయల్దేరదీద్దామని వాళ్లింటికి వెళ్లాను. తలుపు తీసే ఉంది. వదిన భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఉంది. అన్న బూట్లు వేసుకుంటూ, ఒక బూటు చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"రావయ్యా, నువ్వూ విను" అంది వదిన. "నాకు రొమ్ములో గడ్డ ఉందన్నారు. కోసి తీసి, పరీక్షకు పంపితే గానీ మంచిదో చెడ్డదో చెప్పలేమన్నారు. రాత్రంతా నిద్ర లేదు. ఇప్పుడు మీ అన్నని అడిగాను, మీకేం అనిపించట్లేదా అని. ఏమన్నారో తెలుసా?"

నేను కూర్చోనూ లేదు, నిలబడనూ లేదు.

"కంగారు పడకు, ఇలాంటిదానికి నేనెప్పుడో సిద్ధమయ్యాను అన్నారు. సిద్ధమవడమేంటి అని అడిగాను. చెప్పండి, మీ తమ్ముడికీ చెప్పండి."

అన్న మెల్లగా చెప్పాడు. తప్పు చేసినవాడిలా కాదు, పని వివరం చెప్పినట్టే చెప్పాడు. కొన్నేళ్లుగా రోజూ పొద్దున టీ తాగుతూ ఎదురుగా వదినను చూసి, ఈ మనిషి పోయింది అనుకుంటాడట. ఆ కుర్చీ ఖాళీగా ఉన్నట్టు, స్టవ్వు మీద ఏమీ లేనట్టు, తాళం తానే తీసుకుని చీకటి ఇంట్లోకి వచ్చినట్టు చూస్తాడట. గుండె అదిరితే ఇంకోసారి చూస్తాడట, అదరడం ఆగేదాకా. ఆ తర్వాత గ్లాసు కడిగి పనికి వస్తాడట.

ఆ టీ గ్లాసు నేను ఎన్నిసార్లు చూశానో! దాని వెనక ఇంత జరుగుతోందని కలలో కూడా అనుకోలేదు.

వదిన ఆయన్నే చూస్తోంది. పెళ్లైనప్పటి నుంచీ ఆయన్ను మీరు అనే పిలిచిన మనిషి. నువ్వు అనడం అప్పుడు మొదటిసారి విన్నాను.

"రోజూనా? రోజూ చంపావా నువ్వు నన్ను? నేను టీ పోసి ఇచ్చింది అందుకా?"

"అది కాదే. నువ్వంటే ప్రాణం కాబట్టే..."

"ఇంకిప్పుడు అదరడం ఆగిపోయిందా?"

ఆయన చేతిలోని బూటు వైపు చూశాడు. అబద్ధం చెప్పడం రాదు.

"ఆపరేషనుకి మా అక్కను తీసుకెళ్తాను" అంది వదిన. "దానికి ఏడవడం వచ్చు. నువ్వు రాకు. నీ దగ్గర నేను పోయి చాలా కాలమైంది."

అదే వారంలో టీచరమ్మ అపార్టుమెంటు సర్వీసింగు వచ్చింది. అన్న తిన్నగా వెళ్లి ఆవిడ తలుపు కొట్టాడు. చెప్పిందంతా విని ఆవిడ గుమ్మం పట్టుకుంది.

"రోజూ అలా చూశావా? గుండె మొద్దుబారేదాకా?"

"మీరే చెప్పారు కదమ్మా."

"నేను సగం చెప్పానయ్యా! మిగతా సగం చెప్పేలోపే నువ్వు పనిముట్లు సర్దుకుని వెళ్లిపోయావు. ఇది పోతుంది అనుకోవడం ఎందుకు? ఇవాళ ఉంది కదా, కాస్త బాగా చూసుకుందాం అనుకోవడానికి! నువ్వేమో మనిషి ఉండగానే కుర్చీ ఖాళీ చేశావు."

ఆవిడ అరుపు మెట్ల దాకా వినపడింది. లిఫ్టులో ఇరుక్కుంటే అరవని మనిషి.

అన్న ఆ సగాన్ని భద్రంగా ఇంటికి మోసుకెళ్లాడు. మర్నాడు బండిలో అడిగాను, వదిన ఏమందని.

"ఆ రెండో సగం కూడా నీ కోసమే కదా, అందులో నాకేముంది అంది."

"నిజమే కదన్నా."

"నిజమే" అన్నాడు.

ఆపరేషను ఇంకా నాలుగు రోజులుందనగా మాకు ఒక ఆఫీసు భవనంలో పని పడింది. లిఫ్టు పెట్టె పైకెక్కి తాళ్లు పరీక్షించాలి. పెట్టె పైన ఒక ఎర్ర బటను ఉంటుంది. కాలు పెట్టకముందే చెయ్యి చాపి దాన్ని నొక్కాలి. నొక్కితే కింద ఎవరు పిలిచినా లిఫ్టు కదలదు. నొక్కి, "నొక్కాను" అని గట్టిగా కేకెయ్యాలి. ఈ కేక మా జట్టులో అన్న పెట్టిన పద్ధతే. కేక వినపడితేనే నేను మేడ మీది మోటారు గదిలో నా పని మొదలుపెడతాను.

"నొక్కాను" అని కేక వినపడింది.

నేను వెనక్కి తిరిగాను. టక్కున బ్రేకు విడిన చప్పుడు. మోటారు తిరుగుతోంది. తాళ్లు నడుస్తున్నాయి.

నాకు అర్థం కావడానికి ముందే నా చెయ్యి మెయిన్ స్విచ్చు లాగేసింది. మోటారు ఆగింది. "అన్నా" అని పిలిచాను. మళ్లీ పిలిచాను. మెట్ల మీద ఎలా దిగానో తెలియదు. పై అంతస్తు తలుపు తాళంచెవితో తీసి టార్చి వేశాను.

పెట్టె మీద బోర్లా పడుకుని ఉన్నాడు. పైకప్పు దూలానికీ ఆయన వీపుకీ మధ్య నా మోచెయ్యి పట్టేంత సందు. ఎర్ర బటను పైకే ఉంది. నోరు కేకేసింది, చెయ్యి నొక్కలేదు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా జరగనిది.

మళ్లీ పైకెళ్లి చేత్తో మోటారు తిప్పి పెట్టెను దించి, ఆయన్ను లాగి మెట్ల మీద కూర్చోబెట్టాను. మనిషికి దెబ్బ లేదు. నా చెయ్యి మాత్రం వదలడం లేదు. గుండ్రాయి! సూపర్వైజరుకి చేయాల్సిన ఫోను వదినకు చేశాను.

ఆవిడ వచ్చిన తీరు చూస్తే ఒక కాలికి ఇంట్లో చెప్పు, ఇంకో కాలికి బయట చెప్పు. మెట్లెక్కి వచ్చి, ఆయన తల, భుజాలు, చేతులు తడిమి చూసింది. అంతా సరిగ్గానే ఉందని తేలాక భుజం మీద ఒక్కటి వేసింది.

"నువ్వు పోతే? నువ్వు పోతే నేనేం కావాలి? దీనికి సిద్ధమయ్యావా?"

అన్న ఆవిడ మొహంలోకి వెర్రిగా చూశాడు.

"లేదు" అన్నాడు. "ఎప్పుడు చూసినా పోయేది నువ్వే. నేను పోవచ్చని... నాకు అసలు తట్టనే లేదు."

వదిన రెండు చేతులూ నడుం మీద పెట్టుకుంది.

"భలే ఉంది నీ లెక్క. చావు నాకు, నిబ్బరం నీకు!"

ఆ మాటకు నేను నవ్వాలో వద్దో తెలియక గోడ వైపు తిరిగాను. అన్న నవ్వలేదు. "నిబ్బరం ఎక్కడుందే" అన్నాడు. "గడ్డ అన్నప్పటి నుంచీ తిన్నది ఒంటబట్టడం లేదు. నేను రోజూ చూసిందేదీ ఇలా లేదు. అందులో నువ్వు పోయాక ఉండేది గానీ, నువ్వు నొప్పి పడుతూ ఎదురుగా ఉండటం ఎప్పుడూ లేదు. దానికి ఏం చెయ్యాలో తెలియడం లేదు. బటను నొక్కానో లేదో తెలియనంత భయమేసింది."

"మరి చెప్పవేం?"

"చెబితే నువ్వు భయపడతావని."

"నేను భయపడుతూనే ఉన్నా కదయ్యా" అంది వదిన, ఆయన పక్కన మెట్టు మీద కూర్చుంటూ. "ఒక్కదాన్నే భయపడుతున్నా."

కింద ఆఫీసువాళ్లు లిఫ్టు ఎప్పుడు బాగవుతుందని అరుస్తున్నారు. ఇవాళ కాదు, మెట్లెక్కండి అని అరిచాను నేను.

కాసేపయ్యాక వదిన అంది, "ఆసుపత్రికి రా. అక్కా వస్తుంది, నువ్వూ రా. అక్కడ నాకేం బోధించకు. కూర్చో, అంతే."

కూర్చున్నాడు. ఆపరేషను రోజు, తర్వాత కట్లు మార్చిన రోజులు, అన్నీ కూర్చున్నాడు. వదిన చెయ్యి పైకెత్తలేకపోతే జడ వెయ్యబోయి తాడు పేనినట్టు పేనాడు. "మరిదిగారూ, అది లిఫ్టు కాదు, నా చెల్లెలి తల" అని వాళ్లక్క లాక్కుంది. ఒకటి రెండు రోజులకు కాస్త నేర్చుకున్నాడు. చేతిపని కదా, చేతిపని ఆయనకు వస్తుంది.

పరీక్ష ఫలితం చెప్పే రోజు నేనూ వెళ్లాను. గడ్డ మంచిదే, భయం లేదు అంది డాక్టరమ్మ. వదిన గట్టిగా ఊపిరి వదిలింది. ముగ్గురం బయటికి వచ్చాం. వరండాలో నాలుగడుగులు వేశాక అన్న గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డాడు. భుజాలు ఎగసిపడ్డాయి. తర్వాత బావురుమన్నాడు. చిన్నగా కాదు, వరండా అంతా తిరిగి చూసేలా.

లోపలికి రాకుండా బెంచీ మీదే ఉండిపోయిన అక్క ఆ ఏడుపు చూసి ఒక్కసారిగా కేకేసింది, "అయ్యో నా చెల్లీ!" అని. ఆవిడ అందుకోగానే అవతలి బెంచీ మీదివాళ్లు కూడా లేచారు. నర్సు పరుగెత్తుకొచ్చింది.

"ఏమైందండీ? చెడ్డ కబురా?"

"మంచి కబురేనమ్మా" అంది వదిన. ఒక చేత్తో అక్క నోరు మూసింది, ఇంకో చెయ్యి ఇంకా సరిగ్గా లేవక అన్న చొక్కా అంచు పట్టుకుంది. "కాసేపు ఏడవనివ్వండి. ఈయనకు ఇది కొత్త."