ఆర్మూర్‌లో ఎగిరే హీరోకు హారతి

సికింద్రాబాద్‌లో పొద్దున్నే రైలెక్కేటప్పుడు నా సంచిలో రెండు పట్టుచీరలు, పెళ్ళికొడుక్కి పెట్టే బట్టలు, అరచేతిలో పట్టే స్పీకరు ఒకటి ఉన్నాయి. పెళ్ళికి పోయే మనిషికి స్పీకరెందుకంటే, ముందు మా గ్రూపు సంగతి చెప్పాలి.

నాది కళ్ళద్దాల దుకాణం. గిరాకీ లేని మధ్యాహ్నాలు తోచక, సినిమా నేపథ్య సంగీతం మీద పిచ్చి ఉన్నవాళ్ళ కోసం ఫోన్లో ఒక గ్రూపు పెట్టాను. అందులో అందరూ నన్ను అడ్మినక్క అంటారు. నా పేరు రమ అని సగం మందికి తెలియదు. పెట్టిన కొన్నాళ్ళకే గ్రూపు సూపర్‌హీరో సినిమాల దగ్గర రెండుగా చీలింది. పాత సూపర్‌హీరో సినిమా చూసి బయటికొస్తే ట్యూను నోట్లో ఆడేది, ఇప్పటివి చూసి వస్తే చెవుల్లో హోరు తప్ప ఏమీ మిగలదని ఒక పక్షం. కూనిరాగానికి దొరికితేనే సంగీతమా, ఒంటి మీద వెంట్రుకలు లేస్తే చాలదా అని రెండో పక్షం. పాత పక్షానికి పెద్ద గొంతు వేల్పూర్ సంధ్య. కొత్త పక్షానికి దుబాయ్‌లో ఏసీలు బాగుచేసే ఆర్మూర్ శ్రీకాంత్. ఇద్దరూ ఉప్పూ నిప్పూ. గ్రూపులో తిట్టుకున్నది చాలక విడిగా కూడా మెసేజ్‌లు పెట్టుకుంటున్నారని తెలిసినప్పుడే నాకు అనుమానం వచ్చింది. ఇప్పుడు పోతున్నది వాళ్ళిద్దరి పెళ్ళికే.

పెళ్ళికి వారం ఉందనగా సంధ్య ఫోన్ చేసింది. ఆమె తండ్రి గంగారాం వేల్పూర్‌లో బ్యాండ్ మాస్టర్, ట్రంపెట్ ఊదుతాడు. చుట్టుపక్కల ఆయన ఊదని బరాత్ లేదంటారు. బిడ్డ బరాత్‌కు కూడా తానే ఊదాలని ఆయన ఆశ. పెళ్ళికొడుకేమో కొత్త సూపర్‌హీరో సంగీతం మోగితేనే ఊరేగుతానని డీజేను మాట్లాడుకున్నాడు.

"డీజే వస్తే బరాత్‌కే రానంటున్నడు అక్కా మా నాయిన. గా డబ్బాల ఎనుక నేను నడువ అంటున్నడు. ఈయనేమో మీ బ్యాండోళ్ళకు గా మ్యూజిక్ రాదంటున్నడు. ఎవలు గెలిస్తే నాకేంది? నేను ఊరు దాటేటప్పుడు మా నాయిన నా ఎంబడి ఉండాలె. నువ్వు చెప్తె ఇద్దరు వింటరు," అంది. గ్రూపులో పులిలా అరిచే పిల్ల అలా బతిమాలేసరికి, బ్యాండే మోగాలని అక్కడికక్కడే అనుకున్నాను. విచారణ కాకముందే తీర్పు నిర్ణయించుకుని టికెట్ తీసుకున్నాను. కంచే చేను మేయడమంటే ఇదే, తెలుసు.

రైల్లో నా ఎదుట ఒక కాలేజీ కుర్రాడు, చెవులకు పెద్ద డిప్పలు పెట్టుకుని తల ఊపుతున్నాడు. ఏం వింటున్నావని అడిగితే, కొత్త సూపర్‌హీరో సినిమా సంగీతమట. నా అదృష్టం. "ట్యూను ఒకసారి పాడు బాబూ," అన్నాను.

"పాడేది కాదు ఆంటీ, ఫీలయ్యేది," అన్నాడు. నేను వదల్లేదు. చివరికి కళ్ళు మూసుకుని, గొంతు లోపలి నుంచి "భ్వామ్మ్మ్..." అన్నాడు. పక్క సీటులో తల్లి ఒళ్ళో నిద్రపోతున్న చంటిది ఉలిక్కిపడి లేచి, కామారెడ్డి దాటే దాకా ఏడుపు ఆపలేదు. వాళ్ళమ్మ నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తే.

నిజామాబాద్‌లో దిగేసరికి పదకొండు. స్టేషన్ బయట ఉప్మా తిన్నాను, పర్వాలేదు. చాయ్ మాత్రం బస్టాండ్‌లోనే తాగండి. ఆర్మూర్ బస్సులు వెంటవెంటనే ఉంటాయి. ఆడవాళ్ళకు ఆధార్ చూపిస్తే జీరో టికెట్. నేను కార్డు కోసం సంచంతా తిరగేస్తుంటే స్పీకరు బయటపడింది. "గిదేంది మేడం, బస్సుల పాటలు పెట్టద్దు," అని కండక్టరు ముందే హెచ్చరించాడు. మాక్లూర్ దాటాక రోడ్డుకు రెండు వైపులా పసుపు ఆరబోసిన కళ్ళాలు మొదలయ్యాయి. అంకాపూర్‌లో బస్సు ఆగినప్పుడు నాటుకోడి కూర వాసనకు దిగిపోదామనిపించింది. న్యాయమూర్తిని కదా, ఆగాను.

ఆర్మూర్ బస్టాండ్ దగ్గరి లాడ్జిలో దిగాను. ఎవరైనా వెళ్తే గుట్ట వైపు గది అడగండి. కిటికీ తీస్తే ఎవరో పేర్చినట్టున్న నల్లరాళ్ళు కనిపిస్తాయి. బస్టాండ్ వైపు గదిలో మాత్రం హారన్లు తప్ప ఏమీ ఉండవు. అన్నం తిని, కాసేపు నడుం వాల్చి, మూడింటికి ఆటోలో శ్రీకాంత్ వాళ్ళింటికి బయల్దేరాను.

ఊరి చివర పెద్ద వాకిలి, ఇంటికి పందిరి వేశారు. శ్రీకాంత్ తండ్రి రాజన్నకు పసుపు పాలిష్ పట్టే డ్రమ్ము ఉంది. ఎండిన పసుపు కొమ్ములను ఆ పెద్ద ఇనుప డ్రమ్ములో పోసి ట్రాక్టరుతో తిప్పితే, పైపొట్టు రాలి కొమ్ములు మెరుస్తాయి. పసుపు సీజన్, పెళ్ళి సీజన్ ఒక్కసారే వచ్చాయి గనక పెళ్ళింట్లో కూడా డ్రమ్ము ఆగలేదు. దమ్... దమ్... దమ్... మధ్య మధ్య "ఊఁ..." అని పెద్ద మూలుగు. చాయ్ గ్లాసు పట్టుకుని వింటూ నిలబడ్డాను. విన్న కొద్దీ నాకు నవ్వు పొంగుకొచ్చింది. ఎవరూ చూడకుండా ఫోన్ తీసి రికార్డు చేసుకున్నాను.

ఐదింటికి గంగారాం వచ్చాడు. రంగేసిన మీసం, ఇస్త్రీ చొక్కా, చంకలో ట్రంపెట్ పెట్టె. బరాత్ సంగతి తేల్చుకుపోవడానికే వచ్చాడు. డ్రమ్ము ఆపించి అందరం పందిరి కింద కూర్చున్నాం. పెళ్ళికూతురు వేల్పూర్ నుంచి వీడియో కాల్లో హాజరు. ఫోన్‌ను నీళ్ళ బిందెకు ఆనించి నిలబెట్టారు.

"నోటితోని అనరాదు, ఊదరాదు. గదెట్ల పాటయితది చెల్లె?" అని గంగారాం నాతో మొదలుపెట్టాడు.

"మామా, అన్ని సినిమాలయి ఒక్క తీరే ఉంటయని నువ్వనుకుంటున్నవు. దేని సౌండ్ దానిదే. ఏదన్నా పెట్టుండ్రి, జర వినంగనే ఏ సినిమాదో, ఏ సీన్‌దో చెప్త," అన్నాడు శ్రీకాంత్.

నాకు కావలసింది అదే. నాలుగు వినిపిస్తాను, అన్నీ చెప్తే డీజే, ఒక్కటి తప్పినా బ్యాండ్ అని షరతు పెట్టి, ఇద్దరి చేతా ఒప్పించాను.

నిజం చెప్పాలి, కుర్రాడు గట్టివాడు. స్పీకర్లో మొదటిది పెట్టగానే చెప్పేశాడు. రెండోది, మూడోది కూడా. నాకైతే మూడూ ఒక్కలాగే వినిపించాయి. గంగారాం మొహం వాడింది. బిందె దగ్గర ఫోన్లో సంధ్య గోళ్ళు కొరుక్కుంటోంది. అప్పుడు నేను నాలుగోది నొక్కాను. దమ్... దమ్... ఊఁ...

శ్రీకాంత్ కళ్ళు మూసుకున్నాడు. చెయ్యి చాచి చూపించాడు, నిజంగానే వెంట్రుకలు లేచి ఉన్నాయి. "అబ్బ! గిది విలన్ ఓడ దిగే సీను అక్కా. సినిమా పేరు నోట్ల ఉంది... గా నడుమల ఊపిరి సూడుండ్రి, చావు వస్తున్నట్టు లేదూ? గిసొంటిది పాతోళ్ళు చేసిండ్రా?"

రాజన్న బీడీ పక్కన పెట్టి కొడుకు వైపు వింతగా చూశాడు. "ఏ ఊపిరిరా? గది మన డ్రమ్మే గద! బేరింగు పోయింది, గందుకే గట్ల మూలుగుతుంది. మెకానిక్ రేపొస్తనన్నడు."

పందిరి కూలిందా అన్నంతగా నవ్వారు. సంధ్య నవ్వి నవ్వి ఫోన్లోంచి మాయమైంది. శ్రీకాంత్ మొహం కందగడ్డ అయింది. "చీటింగ్ అక్కా," అని, డ్రమ్ము వైపు చూస్తూ తనే మెల్లగా అన్నాడు. "చిన్నప్పటి సంది గా సప్పుడుకే పండుకున్న, గా సప్పుడుకే లేచిన. దుబాయ్‌ల ఒక్కన్ని సినిమాకు పోయి కూసుంటే గదే యాదికొస్తుండె కావచ్చు. గందుకే నాకు మంచిగనిపిస్తది." ఆ మాటకు నా నవ్వు ఆగిపోయింది. అన్నాళ్ళ వాదనలో వాడు నాకు చెప్పని కారణం అదొక్కటే.

గంగారాం మాత్రం ఆగలేదు. మీసం దువ్వుకుంటూ, "పాటంటే మా ఉస్తాదు కట్టింది పాట. గీ మండలంల ఏ పెండ్లికొడుకు కారెక్కినా గదే," అంటూ గొప్పలు మొదలుపెట్టాడు. అల్లుడికి పుండు మీద కారం చల్లినట్టయింది. ఆయన ఉస్తాదును మించినవాళ్ళున్నారని చూపించాలని నాకు కాస్త చిలిపి బుద్ధి పుట్టింది. కొత్త పక్షానికి ఒకటి పెట్టాను గనక పాత పక్షానికీ ఒకటి పెట్టాలి కదా. నేను చిన్నప్పుడు చూసిన, గాల్లో ఎగిరే హీరో ఉన్న పాత విదేశీ సినిమా తీసి, హీరో మొదటిసారి పైకెగిరే చోట వచ్చే సంగీతం పెట్టాను. వంద వాయిద్యాలు ఒక్కసారి లేచాయి.

లోపల మంచం మీద శ్రీకాంత్ నాయనమ్మ పడుకుని ఉంది. చెవులు సరిగా వినపడవు. ఆమె దిగ్గున లేచి, కొంగు తలమీదికి లాక్కుని, "బరాత్ అచ్చింది, బరాత్ అచ్చింది! కోడలా, ఏడ సచ్చినవే?" అంటూ గడపలోకి వచ్చింది. పెళ్ళిల్లు గనక హారతి పళ్ళెం సిద్ధంగానే ఉంది. కారు ఎక్కడా కనిపించకపోయేసరికి, చప్పుడు ఎక్కడి నుంచి వస్తోందో చూసుకుని, నా స్పీకరు చుట్టూ మూడుసార్లు హారతి తిప్పి బొట్టు పెట్టింది.

ఈసారి ఎవరూ నవ్వలేదు, ముక్కున వేలేసుకున్నారు. శ్రీకాంత్ నోరు తెరిచాడు. "గీ సినిమా నేను పదిసార్లు సూసిన! మన బరాత్ పాట గిదేనా? ఒక్కపారి గూడ తట్టలే!"

గంగారాం లేచి నిలబడ్డాడు. ఆ పాట ఉస్తాదు ఏదో టీవీలో విని ఎత్తుకొచ్చాడని అందరికీ అర్థమైంది, ఆయనకు తప్ప. "మా ఉస్తాదు పాట గీ తెల్లోళ్ళకెట్ల దొరికిందే? వేల్పూర్ పాటను దొంగతనం చేసిండ్రు గద!" అని మండిపడ్డాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. నేను సర్దిచెప్పబోయి మానేశాను.

తీర్పు చెప్పే పని నాకు పడలేదు. "బ్యాండే మామా. డీజేకు నేను చెప్పుకుంట," అన్నాడు శ్రీకాంత్. బిందె దగ్గర ఫోన్లో సంధ్య కొంగుతో కళ్ళొత్తుకుంది.

మరునాడు వేల్పూర్ ఫంక్షన్ హాల్లో పెళ్ళి. భోజనంలో బగార అన్నం, వంకాయ కూర బాగున్నాయి. మిఠాయి మాత్రం నా వరుసకు వచ్చేసరికి అయిపోయింది. సాయంత్రం ఎండ తగ్గాక బరాత్ కదిలింది. గంగారాం ఎర్రకోటు తొడుక్కున్నాడు. పిల్ల తండ్రివి కోటేసుకుని ఊదుడేందని చుట్టాలు అడ్డుపడితే, "నా బిడ్డ పెండ్లికి ఇంకెవడు ఊదుతడు?" అని తోసేసి ముందుకు నడిచాడు. ఏ పాట ఊదినా మధ్యలో ఆ ఎగిరే హీరో పాటకే వచ్చేవాడు. కుర్రాళ్ళు రోడ్డంతా దుమ్ము లేపారు. నేనూ నాలుగు అడుగులు వేశాను, చూసినవాళ్ళు మర్చిపోవాలని నా కోరిక.

ఊరి చివర కల్వర్టు దగ్గర బ్యాండ్ ఆగిపోవాలి, కారు ఆర్మూర్‌కు వెళ్ళిపోవాలి. అక్కడ ఆఖరిసారి ఆ పాట ఎత్తుకున్నాడు. కారు అద్దంలోంచి సంధ్య తండ్రి వైపు చూసింది. పాట పైకి లేచే చోట, హీరో నేల వదిలే చోటే, ట్రంపెట్ తెగిపోయింది. ఆయన మళ్ళీ ఊదబోయాడు. ఏడుపు వస్తే పెదవులు నిలవవు, గాలి తప్ప ఏమీ రాలేదు. డప్పుల వాళ్ళు కొడుతూనే ఉన్నారు, పైన పాట లేదు.

అప్పుడు గుంపులో ఎవరో అందుకున్నారు, "తాన నాన తానానా" అని. ఇంకొకరు, తర్వాత గడపల్లో నిలబడ్డ ఆడవాళ్ళు, అరుగు మీద ముసలాళ్ళు. ఊరంతా నోటితో ఆ పాటను పైకెత్తింది. అందరికన్నా గట్టిగా, కారు కిటికీలోంచి సగం బయటికి వచ్చి, తలపాగా పక్కకు జారి, రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని ఈల వేసినవాడు కొత్త పక్షం నాయకుడు శ్రీకాంత్. ఒక్క స్వరం కూడా తప్పలేదు. నాకు కళ్ళు మసకబారాయి. కళ్ళద్దాల దుకాణం ఉండి ఏం లాభం, తుడుచుకోవడానికి గుడ్డ కూడా లేదు.

అక్కడే నిజామాబాద్ పోయే బస్సు దొరికింది. నా పక్కన బీడీలు చుట్టే తునికాకు కట్ట ఒళ్ళో పెట్టుకున్న ఆమె. నేను తెలియకుండానే ఆ పాట కూనిరాగం తీస్తున్నట్టున్నాను. "గంగారాం బ్యాండ్ పాట గద అక్కా? నా పెండ్లిల గదే ఊదిండు," అంది. న్యాయమూర్తి బుద్ధి ఊరుకోదు. ముందు సీటు కడ్డీ మీద దమ్ దమ్ అని కొట్టి, మూలిగి, మరి ఇదేమిటని అడిగాను. ఆమె ఆలోచించనే లేదు. "మా ఇంటెనుక పసుపు డ్రమ్ము," అంది.

వెంటనే గ్రూపులో తీర్పు పెట్టాను. రెండు పక్షాల సంగీతమూ ఆర్మూర్ జనానికి నోటికి వచ్చు, కొత్తదానికి ట్రాక్టరు కావాలి, అంతే తేడా అని. పెళ్ళి కారులో కూర్చుని శ్రీకాంత్ అప్పుడే "ఒప్పుకోను అక్కా, ఎందుకంటే" అని మొదలుపెట్టాడు. తర్వాతి మాట రాలేదు. కాసేపటికి సంధ్య పెట్టింది.

"ఈయన ఫోన్ గుంజుకున్న అక్కా. నువ్వు బస్సెక్కినంక నాయిన ఎర్రకోటు మీదనే కారెక్కిండు. ఎంత చెప్పినా దిగలే, మా ఇద్దరి నడుమల కూసున్నడు. ఆర్మూర్ దాకా వస్తడట."