జవాబులున్న మూడో ముక్క

2001లో జనాభా లెక్కలు రాయడానికి మా బడి నుంచి నన్ను కూడా పంపారు. పుంగనూరులో నా వంతుకు వచ్చిన వీధుల్లో నేనుండే వీధి కూడా ఉంది. నా వాటా వివరాలు నేనే రాసుకున్నాను. కుటుంబ సభ్యులు అన్నచోట ఒకటి వేసి, తాళం పెట్టి పక్కింటికి వెళ్ళాను.

ఆ కాగితాలను ఎక్కడో యంత్రాలు చదివి కూడుతాయని శిక్షణలో చెప్పారు. తప్పు పడితే యంత్రానికి ఎలా తెలుస్తుందని అడిగాను. "రాసేదాంకేమ్మా, మన పని" అన్నారు. అప్పటికి నాకు నలభై తొమ్మిదేళ్ళు, చిన్న తరగతులకు ఎక్కాలు చెప్పే ఉద్యోగం. తప్పు ఎక్కడ పడిందో తెలియకుండా వదిలేయడం నాకు చేతకాదు. ఆ ఏడాదే దూరవిద్యలో కంప్యూటర్ కోర్సుకు కట్టాను. తరగతులు, పరీక్షలు కుప్పంలో.

మిగతా పేపర్లన్నీ గట్టెక్కాయి. కంప్యూటర్‌కు కావలసిన గణితం మాత్రం 2002లో రెండుసార్లు పోయింది. రెండుసార్లూ ఇంటికొచ్చి లెక్కలు మళ్ళీ చేసి చూసుకుంటే, సరైన జవాబులు రాసి, అనుమానంతో కొట్టేసి, వేరేవి రాసి వచ్చానని తేలింది. సరిచూసుకునే దారి లేనిచోట నా మీద నాకు నమ్మకం ఉండేది కాదు. మూడోసారి కూడా పోతే కోర్సు రద్దు. మళ్ళీ మొదటి నుంచి కట్టడానికి నాకు శక్తి లేదు.

వాళ్ళు పంపిన పాఠాల పుస్తకం పలచగా ఉండేది. సూత్రం చెప్పి, మిగతాది విద్యార్థి సొంతంగా చేసుకోగలడు అని ముగించేవారు. మదనపల్లెలో కొత్త పుస్తకం అడిగితే, దాని వెల నా నెల అద్దెకంటే ఎక్కువ. పుంగనూరు గ్రంథాలయంలో పదో తరగతి గైడ్లున్నాయి. ఇంటర్నెట్ సెంటర్లో గంటకింత అని కట్టి కూర్చుంటే, ఒక పేజీ సగం తెరుచుకునేసరికి గంట అయిపోయేది. ట్యూషన్ చెప్పే ఒకాయన, "ఇంటర్ పిల్లోళ్ళుంటే పంపించండి మేడం, మీ వయసుకు నేనేం చెప్పేది" అన్నాడు.

చివరికి మదనపల్లె బస్టాండు దగ్గర పాత పుస్తకాలమ్మే ఆయన ఒక లావుపాటి ముక్క తీసి ఇచ్చాడు. ఇంగ్లీషు పుస్తకం. మొదటి పేజీ ఒక వాక్యం మధ్యలో మొదలైంది.

"దీనికి ముందరిది యాడుందప్పా?" అన్నాను.

"నాకేం తెలుసమ్మా. ముగ్గురు పిల్లోళ్ళు చేరి ఒక పుస్తకం కొంటారు. బైండరు దగ్గిర మూడుగా కోయిచ్చుకుంటారు. సదివినన్నాళ్ళు మార్చుకుంటారు. సదువు అయిపోతే ఎవురి ముక్క వాళ్ళు అమ్ముకుంటారు."

"మొదలు లేని పుస్తకం ఎవురు కొంటారు?"

"మీరు కొంటాండారు కదా."

ఆయన నవ్వలేదు. కాగితం రేటుకే తూచి ఇచ్చాడు.

ఆ ముక్క చివర పుస్తకం మొత్తానికి జవాబులున్నాయి. మొదటి రెండు భాగాల ప్రశ్నలు మాత్రం నా దగ్గర లేవు. బడి నుంచి వచ్చి, పొయ్యి మీద అన్నం పెట్టి, ఆ జవాబులకు నేనే ప్రశ్నలు కట్టడం మొదలుపెట్టాను. మూడో అధ్యాయంలో ఒక జవాబు 210. ఒకటి నుంచి ఇరవై వరకు కూడితే 210. పది కుండల్లో నాలుగు ఎంచుకునే విధాలు 210. ఏడు అంకెల్లో మూడింటిని వరుసగా పేర్చే విధాలు 210. మూడింటిలో అసలు ప్రశ్న ఏదో చెప్పే మనిషి లేడు. అద్దెకిచ్చిన ఇంటావిడ మిద్దె మెట్ల మీద నుంచి చూసి, "టీచరమ్మా, పరీచ్ఛ పిల్లోళ్ళకా మీకా? దీపం సూసి మీకేమన్నా సుస్తీ అయిందేమో అనుకుంటాండాను" అనేది. నాకే అంటే, "ఇంకేం కావాలని మా ఈ వయసులో" అని మెట్లెక్కిపోయేది.

ముక్క వెనక అట్ట మీద కుప్పం బైండరు ముద్ర ఉంది. 2003 వేసవిలో, తరగతి ఉన్న ఆదివారం, ముక్కను సంచిలో పెట్టుకుని అతన్ని వెతుక్కుంటూ వెళ్ళాను. రైల్వే స్టేషన్ దగ్గర చిన్న కొట్టు. పుంగనూరులో టీచరునని చెప్పి ముక్క ఇచ్చాను. చేతిలోకి తీసుకుని కుట్టు చూశాడు.

"నేను కోసిందే. నీలం దారం ఈ ఊర్లో నేనొక్కడే వాడేది. మొదటి ముక్క కూడా ఈడనే ఉండాది మా."

ఎవరిదని అడిగాను.

"ఒకామెది. రైల్లో వస్తుంది, రైల్లో పోతుంది, మాట తక్కువ. అట్ట ఊడిందని ఇచ్చిపోయింది. మీకు ఇచ్చేదానికి లేదు. జిగురు ఆరేదాంకా కూసోని సూసుకోండి."

ముందు 210 కోసం వెతికాను. ఒక సభలో ఇరవై ఒక్క మంది ఉన్నారు. ప్రతి ఒక్కరూ మిగతా అందరితో చేతులు కలిపితే మొత్తం ఎన్నిసార్లు? అదీ ప్రశ్న. నేను కట్టిన ప్రశ్నల్లో అంకెలున్నాయి, కుండలున్నాయి. మనుషులు లేరు.

ప్రతి లెక్క పక్కన ఆమె పెన్సిల్‌తో చేసుకుని, జవాబు దగ్గర ప్రశ్న గుర్తు పెట్టుకుంది. ఆమె దగ్గర ప్రశ్నలున్నాయి, జవాబులు లేవు. పోయిన కరెంటు రాగానే పక్క కొట్టులో ఆ ప్రశ్నలు జెరాక్స్ తీయించుకున్నాను. నా జవాబుల పేజీలు కూడా తీయించి, ఆమె ముక్కలో పెట్టబోతూ ఒకచోట ఆగాను. గుండ్రని బల్ల చుట్టూ అయిదుగురు ఎన్ని రకాలుగా కూర్చోవచ్చు? ఆమె పెన్సిల్‌తో 24 వేసుకుంది. పుస్తకంలో 120 అని ఉంది.

ఈ కాగితం ఇలాగే పెడితే ఆమె తన 24ను చెరిపేస్తుంది. నేనైతే చెరిపేదాన్ని.

జిగురు డబ్బా మూత అడిగి తీసుకున్నాను. దాని మీద అయిదు రంగుల దారపుండలు గుండ్రంగా పెట్టి మూతను తిప్పాను. నీలం ఉన్నచోటికి ఎరుపు వచ్చింది, ఎరుపు ఉన్నచోటికి పసుపు. కానీ దేని పక్కన ఏది ఉండాలో అదే ఉంది. మళ్ళీ తిప్పాను.

"ఏమ్మా, బొమ్మలాటా?" అన్నాడు బైండరు.

"లెక్క."

"దారం సిక్కు పడితే నాకు లెక్కలేనంత పని మా."

ఒకే వరుస అయిదు చోట్ల అయిదుసార్లు కనిపిస్తుంది. నూట ఇరవైని అయిదుతో భాగించాలి. ఇరవై నాలుగే. అచ్చయిన పుస్తకమే తప్పు. జెరాక్స్ కాగితం మీద 120 కొట్టేసి, పక్కన, "24. బల్ల తిప్పితే అదే వరుస" అని రాసి ఆమె ముక్కలో పెట్టాను. జిగురు ఆరింది. బస్సుకు వచ్చేశాను.

డిసెంబరులో పరీక్ష. గుండ్రని బల్ల రాలేదు. వచ్చిన లెక్కల్లో రెండుచోట్ల కొట్టేయాలని చెయ్యి లేచింది. దారపుండల బదులు కాగితం మీద నాలుగు సున్నాలు గీసి లెక్క సరిచూసుకుని, రాసింది రాసినట్టే వదిలేశాను. హాల్లో ఇంకా ముగ్గురు ఆడవాళ్ళున్నారు. వాళ్ళలో ఆమె ఉందో లేదో నాకు తెలిసే దారి లేదు.

మార్కుల కాగితం వచ్చింది. పాసయ్యాను. ఇంటావిడకు చెప్తే, "జీతం పెరుగుతుందా?" అంది. పెరగదంటే, "అట్లనా" అంది. ఆ తర్వాతి ఆదివారం తరగతి లేకపోయినా కుప్పం వెళ్ళాను.

బైండరు నన్ను చూడగానే పై అరలోంచి మొదటి ముక్క దించాడు. "ఆమెకు బెంగుళూరులో ఉద్యోగమొచ్చిందంట. ఆ కాగితాలు పెట్టింది ఎవురని అడిగితే, పుంగనూరు టీచరమ్మ అని చెప్తిని. మీకే ఇయ్యమనింది."

జెరాక్స్ కాగితం లోపలే ఉంది. నేను రాసిన దాని కింద చిన్న అక్షరాలతో, "నాకూ అంతే వచ్చింది" అని ఉంది. ఆ గణితం గురించి ఇంకో మనిషి నాతో అన్న మాట నాకు తెలిసి అదొక్కటే.

నా ముక్క కూడా సంచిలోంచి తీసి, రెండూ కలిపి కుట్టమన్నాను.

"మద్దెది లేదు కదమ్మా."

"దొరికితే?"

"ఇప్పి కుడదాంలే. నా దారమే కదా."

మధ్య ముక్క ఇంతవరకు దొరకలేదు.