పక్కింటి నుంచి వచ్చిన నీలి మంట

పక్కింటి పెద్దనాయన మొన్న మంగళవారం తెల్లవారుజామున కన్నుమూశారు. హోసూరు బజారులో కిరాణా అంగడి నడిపిన మనిషి. నిజానికి మాకు బంధువేమీ కారు. మా ఆయనకు మూకండపల్లి ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరికి మేం ఇక్కడికి కాపురం వచ్చిన రోజున, "ఈడ మీకెవురూ లేరనుకోవద్దమ్మా" అని ఆయనే వరస కలుపుకున్నారు.

అంగడి కన్నా పెరట్లోని గ్యాసు గుంత మీదే ఆయనకు ప్రాణం. ఇంట్లో ఉన్నది ఒక్క ఆవు. దాని పేడ చాలక, చెరువులోని పచ్చటి పాచిని బుట్టతో తెచ్చి కలిపి గుంతలో పోసేవారు. గుంత మీద బోర్లించిన ఇనుప డ్రమ్ము గ్యాసు నిండేకొద్దీ పైకి లేచేది, వాడేకొద్దీ కిందికి దిగేది. "పాచి ఊరికే వచ్చేదమ్మా. రేపు వీధి వీధికీ పైపులేసి గ్యాసు అమ్ముతాను, చూస్తా ఉండు" అనేవారు.

కొనేవాళ్లు మాత్రం లేరు. కట్టుకున్న పెద్దమ్మే ఒప్పుకోలేదు. "పాచి గ్యాసు మీద దేవుడికి నైవేద్యం వండాల్నా? నా కంఠంలో ప్రాణముండగా కాదు" అంటూ ఆ మంట మీద స్నానాలకు నీళ్లు మాత్రమే కాచేది. ఇంట్లోవాళ్లే వండుకోనిది ఊరికెట్లా అమ్మాలని ఆయన దిగులు.

ఒకసారి కృష్ణగిరి వ్యాపారులకు చూపిద్దామని బకెట్టు నిండా పాచితో బస్సెక్కారు. కుందారపల్లి దగ్గర కుదుపుకు అది పక్కాయన పంచె మీద ఒలికింది. "ఏందప్పా ఇది?" అని కండక్టరు గదమాయిస్తే, "రేపటి గ్యాసప్పా" అన్నారట. బకెట్టుతో సహా ఆయన్ని దించేశారట. ఆ కథ చెప్పినప్పుడల్లా అందరికన్నా ఎక్కువ ఆయనే నవ్వేవారు.

కిరసనాయిలుకు కరువొచ్చిన ఏడాది, చంటిపిల్లతో క్యూలో నిలబడలేక నేనే అడిగాను. "పెద్దనాయనా, ఆ పైపు మా ఇంటికి వేస్తారా?"

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. సాయంత్రానికల్లా గోడకు చిల్లి పడింది, పైపు వచ్చింది. అప్పటి నుంచి రోజూ పొద్దున్నే గోడ అవతల నుంచి ఒకటే కేక: "మంట నీలంగా వస్తా ఉందా అమ్మా?"

హోసూరు చలికి గ్యాసు కూడా ముసుగు తన్ని పడుకునేది. పప్పు సగం ఉడికేసరికి ఆరిపోయేది. అయినా "వస్తా ఉంది పెద్దనాయనా" అనేదాన్ని. ఎంత మంచి మనిషి, ఎట్లా లేదనను? ఆయనకు చివరిదాకా దొరికిన ఒకే ఒక్క గిరాకీ నేను.

చావు జరిగిన ఇంట ఆ రోజు పొయ్యి వెలిగించరు కాబట్టి, శ్మశానం నుంచి తిరిగొచ్చిన వాళ్లందరికీ మా ఇంట్లోనే కాఫీ కాచాను. మంట నీలంగానే వచ్చింది. అడిగేవారు లేక నాకు ఏడుపు ఆగలేదు.

పెద్దమ్మ చేతిలో గ్లాసు పెట్టాను. ఆమె గ్లాసులోకి చూసి అడిగింది.

"ఇది ఆయన గ్యాసు మీద కాచిందేనా?"

అవునన్నాను. చుక్క మిగల్చకుండా తాగింది.

"ఇంకొంచెం పొయ్యమ్మా" అంది.

మళ్లీ గిన్నె పొయ్యి మీద పెట్టాను. పెరట్లో ఆయన నింపిపోయిన డ్రమ్ము మెల్లగా కిందికి దిగుతూ ఉంది.